ఎక్కేది సరే... ఆగేదెట్లా?

మా ఇంటి వెనక చింతచెట్టు కింద ఆరేళ్లుగా ఒక పికప్ బండి నిలబడి ఉండేది. నిలబడి అనడం మర్యాదకే. నిజానికి నాలుగు టైర్లూ గాలి దిగిపోయి కూలబడింది. మా నాయన ఎప్పుడో ప్రభుత్వ వేలంలో కొన్నాడు దాన్ని. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు మోసింది. పెనుకొండకు వేరుశనగ మూటలు మోసింది. ఊళ్లో పెళ్లిళ్లకు వంటపాత్రల్నీ, వంటవాళ్లనీ కలిపి మోసింది. ఆఖరికి కోళ్లు కాపురం పెట్టుకోవడానికి పనికొచ్చింది. కంపెనీ పేరెందుకు లెండి. పాతికేళ్లు దాటాక ఏ కంపెనీ బండి స్వభావమైనా ఒక్కటే. పొద్దున్నే దగ్గుతుంది, మధ్యాహ్నానికి వేడెక్కుతుంది, సాయంత్రానికి నూనె కారుతుంది.

ఓ రోజు పాత ఇనుము కొనేవాడొచ్చి కేజీల లెక్కన బేరం పెట్టాడు. మా నాయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచాడు. అది చూశాక నాకు బేరం మీద మనసు పోలేదు.

"అమ్మేది లేదులే నాయనా, బాగు చేయిస్తా" అన్నాను.

"బాగు చేయించి ఏం చేస్తావు?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడి కొడుకు దగ్గర ఉంది. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. శని, ఆదివారాలు జీపులేసుకుని గుట్టలెక్కే కుర్రాళ్లతో తిరుగుతుంటాడు. "పెదనాయనా, ఇది ఫోర్ బై ఫోర్ బండి! ఎత్తు పెంచి, పెద్ద టైర్లేసి, ముందు ఇనుప బంపరు కడితే తాత చేను దారి ఒక లెక్కా?" అన్నాడు.

చేను మాట వినగానే మా నాయన తల తిప్పి చూశాడు. మా చేను ఊరికి రెండు కిలోమీటర్లు. మధ్యలో ఒక ఇసుక వంక, అది దాటగానే రాళ్ల మిట్ట. ట్రాక్టరు తప్ప ఇంకేదీ పోదు. మోకాళ్లు అరిగాక ఆయన నడవలేడు, ట్రాక్టరు ఎక్కి కూర్చోలేడు. మూడేళ్లుగా చేను మొహం చూడలేదు. అప్పుడు నాకూ జవాబు దొరికింది. ఈ బండి వెళ్లాల్సిన దారి అదే.

మెకానిక్ అడిగిన ప్రశ్న

మావాడు ఫోన్లో బొమ్మలు చూపించాడు. 2007లో బీబీసీ 'టాప్ గేర్' కార్యక్రమం కోసం టయోటా హైలక్స్ పికప్‌లు మంచుగడ్డల మీదుగా నడిచి, 1996లో ఉత్తర అయస్కాంత ధ్రువం ఉన్న చోటు దాకా వెళ్లాయట. వాటిని సిద్ధం చేసింది ఐస్‌లాండ్‌కు చెందిన ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ. ఒక్కో టైరు మనిషి నడుము దాకా ఉంది. "మనకూ ఇలాగే కావాలి" అని వాడి పట్టు.

బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కుని పెనుకొండలో మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయనకు అరవై దాటాయి. ఆ చేతుల మీదుగా ఎన్ని జీపులు పోయాయో ఆయనకే లెక్క తెలీదు. మావాడు పావుగంట సేపు ఎత్తు గురించీ, టైర్ల గురించీ, లైట్ల గురించీ చెప్పాడు. పెద్దాయన అంతా విని, బీడీ ఆర్పి, ఒకే మాట అడిగాడు.

"ఎక్కేది సరేనప్పా... ఆగేదెట్లా?"

ఈ వారం మీకు చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. పాత బండిని కొండదారికి తయారు చేయాలనుకునే ప్రతివాడూ ముందు ఎత్తు గురించి ఆలోచిస్తాడు. ఆలోచించాల్సింది ముందు బ్రేకు, ఆ తర్వాత స్టీరింగు, ఆ తర్వాత రేడియేటరు, ఆ తర్వాత టైర్లు. ఎత్తు అన్నిటికన్నా చివర. చాలాసార్లు అక్కడిదాకా రావాల్సిన అవసరమే ఉండదు.

నిచ్చెన మీద కూర్చున్న బండి

అసలు పాత పికప్పే ఎందుకు? కొత్తవి లేవా అంటే, ఉన్నాయి. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2016లో ఇసుజు ఫ్యాక్టరీ మొదలై వి-క్రాస్ పికప్‌లు తయారయ్యాయి. హైలక్స్ 2022లో మన దేశంలోకి వచ్చింది. కానీ వాటి ధరకు మా ఊళ్లో చేనే వస్తుంది. చేను చూడ్డానికి చేను అమ్ముకోలేం కదా!

ఇంకో కారణం కూడా ఉంది. పెనుకొండ పక్కనే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికి రావడం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. సెల్టోస్ లాంటి ఇప్పటి కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ ఉండదు. ఒళ్లే ఎముక. తారురోడ్డు మీద సుఖంగా, తేలిగ్గా పోతాయి. పాత పికప్‌కు మాత్రం కింద రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు ఉంటాయి. పడుకోబెట్టిన నిచ్చెన అనుకోండి. ఇంజినూ, క్యాబినూ, వెనక తొట్టీ అన్నీ ఆ నిచ్చెన మీద బిగించినవే. ఒక చక్రం గుంటలో, ఇంకోటి రాతి మీద ఉన్నా ఆ మెలికను భరించేది ఆ నిచ్చెనే. పైగా ఏ భాగం చెడితే ఆ భాగాన్ని విప్పి బాగు చేయొచ్చు.

ఈ వంశానికి మూలపురుషుడు జీపు. రెండో ప్రపంచయుద్ధంలో 1941 నుంచి సైన్యం కోసం వేలకు వేలు తయారైంది. మన దేశంలో మహీంద్రావాళ్లు 1947లో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. మన పల్లెల్లో ఎన్నికల ప్రచారానికీ, కాన్పు నొప్పులకూ ఒకే జీపు పరిగెత్తిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ 'ఆఫ్ రోడ్' అనలేదు. రోడ్డు ఉంటేగా, ఆఫ్ రోడ్డు అనడానికి!

కనిపించని పని

పెద్దాయన మొదటి వారం బండికి ఏమీ బిగించలేదు. అన్నీ విప్పాడు. ఛాసిస్‌ను వైరు బ్రష్షుతో రుద్ది, సుత్తితో మెల్లగా కొడుతూ చెవి పెట్టి విన్నాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. కమాన్ పట్టీలు ఛాసిస్‌కు తగిలించే చోట సన్నటి పగులు దొరికింది. "దీని మీద ఎత్తు పెంచింటే, మొదటి గుంటలోనే పట్టీ ఊడొచ్చేది" అన్నాడు.

తర్వాత బ్రేకులు. వీల్ సిలిండర్లు పట్టేసి ఉన్నాయి. బ్రేకు ఆయిల్ నల్లకాఫీలా ఉంది. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ చేరిన ఆయిల్ దిగుడులో వేడెక్కితే లోపల ఆవిరి పుడుతుంది. ఆవిరి పుడితే పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే పైపుల నుంచి లైనింగుల దాకా అన్నీ కొత్తవి వేయించాం.

ఇంకో సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆ రెంటినీ తిప్పేది ఒక్క బెల్టు. వంద, రెండొందల రూపాయల బెల్టు తెగిందంటే బ్యాటరీ చార్జింగూ పోతుంది, బ్రేకు బలమూ పోతుంది. ఇంజిను ఆగిపోయినా అంతే. నిలవున్న వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు పెడలు పనిచేస్తుంది. ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు ఉంటుంది, కానీ రెండు కాళ్లతో తొక్కినా అంతంతే పట్టుకుంటుంది. అందుకని కొత్త బెల్టు వేసి, పాతదాన్ని సీటు కింద పెట్టాడు. హ్యాండ్ బ్రేకు తీగ మార్చాడు. 'హ్యాండ్ బ్రేకు ఎవరు వాడతారులే' అని నేను గొణిగాను. ఆయన వినిపించుకోలేదు.

రేడియేటరు విప్పితే లోపల సగం గొట్టాలు పూడిపోయి ఉన్నాయి. మన సీమ ఎండల్లో, లో గేరులో, నడక వేగంతో పోయే బండికి ఎదురుగాలి తగలదు. ఇంజినేమో పూర్తి బలంతో పనిచేస్తుంటుంది. రోడ్డు మీద వేడెక్కని బండి కూడా మిట్ట మీద ఉడికిపోయేది అందుకే.

ఎత్తు లెక్క

మూడో వారానికి మావాడికి ఓపిక నశించింది. "ఎత్తెప్పుడు పెంచుతారు?" అన్నాడు. పెద్దాయన వాణ్ని బండి కింద పడుకోబెట్టి, వెనక ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి డిఫరెన్షియల్ చూపించాడు.

"బండికి అన్నిటికంటే కింద ఉండేది ఇది. రాయి తగిలేది దీనికే. కమాన్ పట్టీలు వేసి ఎత్తితే పైన తొట్టి లేస్తుంది గానీ, ఇది లేస్తుందా?"

లేవదు. ఇరుసును పైకి లేపేది టైరొక్కటే. అదీ సగమే. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే, పెరిగేది 3 అంగుళాలు కాదు, ఒకటిన్నర. ఆ ఒకటిన్నర అంగుళానికి ఎంత చెల్లించాలో చూడండి. టైరు చుట్టుకొలత పదో వంతు పెరుగుతుంది. స్పీడు మీటరు 60 చూపిస్తుంటే బండి 66 మీద పోతుంటుంది. ప్రతి గేరూ ఆ మేరకు బలహీనమవుతుంది. బరువైన పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకు మరింత కష్టపడాలి. ఇక బండి ఎత్తు పెంచితే బరువు పైకి పోతుంది. గడ్డి ఎక్కువైన బండి లాగా పక్కవాటంలో ఒరుగుతుంది. రైతుకు ఇది వేరే చెప్పాలా!

మరి గుంటలో చక్రం ఒకటి గాల్లోకి లేస్తే? మామూలు డిఫరెన్షియల్ పద్ధతి విచిత్రం. పట్టు లేని చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే, పట్టున్న చక్రానికీ అంతే ఇస్తుంది. కాడి కట్టిన జతలో ఒక ఎద్దు మొండికేస్తే రెండోదీ నిలబడిపోయినట్టు. దీనికి ఇరుసును బిగించే డిఫ్ లాకులున్నాయి. కానీ వంక దారికి అంత అవసరం లేదు. రాయి ఎక్కడుందో చూసి, చక్రం ఎక్కడ పెట్టాలో ముందే దిగి నడిచి తెలుసుకుంటే చాలు.

అప్పటికీ మావాడి మొహం వాడిపోయే ఉంది. దాంతో చట్టం గురించి చెప్పక తప్పలేదు.

ఆర్‌సీలో ఉన్నదే బండి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిను మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి ముందుగా ఉండాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి మరోసారి గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదంటే 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. ముందు కట్టే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ గార్డు ఎదురుగా వచ్చే మనిషికి ప్రమాదం. బండి ముందుభాగం నలిగి దెబ్బను తాను తీసుకోవాలి. గార్డు ఉంటే ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు, లోపలివాళ్లకు చేరుతుంది.

పంజాబ్, హర్యానా సరిహద్దులోని డబ్వాలీ పట్టణానికి పాత జీపుల్ని కొత్త వేషాల్లో తయారు చేయడంలో దేశమంతా పేరుంది. ముచ్చటపడి కొనుక్కొచ్చి, ఇక్కడ రిజిస్ట్రేషన్ దగ్గర తలపట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా పేచీ తప్పదు. అందుకే ముచ్చటకు ముందు ఒకసారి ఆర్‌సీ చదువుకోండి.

మేం చివరికి చేసిందేమిటంటే, కంపెనీ చెప్పిన కొలతలోనే గరుకు పళ్లున్న టైర్లు వేయించాం. లాగడానికి కొక్కేలను బంపరుకు కాకుండా ఛాసిస్‌కే గట్టిగా బిగించాం. ఒక మంచి బెల్టు తాడు, గాలి కొట్టే పంపు, గాలి చూసే గేజి, జాకీ కింద పెట్టే చెక్క కొన్నాం. బయటికి చూస్తే బండి పాతదే. "ఇంత ఖర్చు పెట్టి దీనికేం చేశారు?" అని ఊళ్లో అడగనివాళ్లు లేరు.

వంకలో, మిట్ట మీద

ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మావాడు స్టీరింగు దగ్గర, నేను పక్కన. పెద్దాయన వెనక తొట్టిలో. "నాయనను రెండోసారికి తీసుకుపోదాం. ముందు బండి సంగతి చూడాల" అని ఆయనే ఆపాడు.

వంక ఒడ్డున టైర్లలో గాలి 35 నుంచి 18కి దించాం. గాలి తగ్గితే టైరు కింద పాదం వెడల్పవుతుంది. ఒంటె పాదం ఇసుకలో దిగబడదు కదా, అలాగ. ఐస్‌లాండ్‌వాళ్లు మంచు మీద చేసేదీ ఇదే. ధ్రువానికీ మా వంకకూ సూత్రం ఒకటేనని తెలిసి మావాడు చాలా సంతోషించాడు. ఫోర్ బై ఫోర్ వేసి, రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా దాటేశాం. వంకలో నీళ్లు లేవు కాబట్టి సరిపోయింది. పారే నీళ్లుంటే మాత్రం దిగకూడదు. నిలవ నీళ్లలో దిగినా, బయటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ చూసుకోవాలి. పాలరంగుకు తిరిగితే లోపలికి నీళ్లు పోయినట్టే.

రాళ్ల మిట్ట దగ్గర లో గేరు వేశాం. అది బండి బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది, వేగాన్ని అంతే తగ్గిస్తుంది. బండి నెమ్మదిగా, ముసలి ఎద్దులా ఎక్కుతోంది. సగం దూరం పోయాక ఒక రాయి కింద కదిలింది. మావాడు కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేశాడు. ఇంజిను ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. మావాడు క్లచ్ తొక్కేశాడు. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కాడు, ఆగింది. భయంతో వదిలి మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు. నాలుగోసారికి పెడలు రాయి. బండి అర అడుగు, అడుగు వెనక్కి పోతోంది. పక్కన చూస్తే మిట్ట అంచు.

వెనక నుంచి కేక వినిపించింది. "హ్యాండ్ బ్రేకు లాగు! స్టీరింగు తిప్పొద్దు!"

ఎవరం వాడములే అని నేను గొణిగిన ఆ హ్యాండ్ బ్రేకును రెండు చేతులతో లాగాను. బండి నిలబడింది. పెద్దాయన దిగొచ్చి రెండు చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. రివర్స్ గేరు వేయించి, క్లచ్ మీంచి కాలు తీయించి, తాళం తిప్పమన్నాడు. లో గేరులో ఉన్న పాత బండి గేరు మీదే స్టార్టయింది. ఒకసారి కదలగానే రాళ్లు తీసేశాడు. ఇంజిను పట్టుకుని ఉండగా, బ్రేకు ముట్టకుండా, తిన్నగా వెనక్కి దిగాం. మధ్యలో తిప్పుంటే బండి అడ్డం తిరిగి పొర్లేది.

కింద నేల మీద పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. పెద్ద టైర్లు, పైకి లేపిన తొట్టి, పాత బ్రేకులతో వచ్చుంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. చివరికి మావాడే అన్నాడు. "ముందు దిగి దారి చూసుకుని ఎక్కాల్సింది, పెదనాయనా." ఆ మాట విన్నాక పెద్దాయన వాడికి మళ్లీ తాళం ఇచ్చాడు. ఈసారి నడిచి చూసి, కదిలే రాయిని పక్కకు దొర్లించి ఎక్కించాడు.

చివరగా రెండు మాటలు

మీ ఇంట్లోనూ చెట్టు కింద ఇలాంటి బండి ఒకటి ఉంటే, మోజు పుడితే, తప్పకుండా బాగు చేయించండి. కానీ ఆగడం, తిరగడం, చల్లగా ఉండడం ముందు నేర్పండి. లాగే తాడు బిగిసినప్పుడు ఎవర్నీ దగ్గర నిలబడనివ్వకండి. తారురోడ్డెక్కగానే ఫోర్ బై ఫోర్ తీసేయండి, లేకపోతే మలుపుల్లో గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. టైర్లలో గాలి మళ్లీ నింపండి. ఒంటరిగా పోకండి. అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లకండి. విత్తిన చేను మీద చక్రం పెట్టకండి. ఇక పెనుకొండ కోట అంటారా, 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు అదే రాజధాని అయింది. దాని రాళ్లు మన టైర్ల సరదా తీర్చడానికి లేవు. నడిచి ఎక్కండి, ఒంటికీ మంచిది.

తర్వాతి ఆదివారం మా నాయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. వంక దాటాం. మిట్ట ఎక్కాం. దారి పొడుగునా మావాడు లో గేరు, డిఫరెన్షియల్, గాలి లెక్క అంతా ఆయనకు వివరిస్తూనే ఉన్నాడు. ఆయన అన్నిటికీ తలూపాడు. చేను గట్టు దగ్గర బండి ఆపగానే దిగి, కాసేపు మట్టి చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఈ దారిలో ఈ బండి నేను ఇరవై ఏళ్లు నడిపినా రా" అన్నాడు మనవడితో. "మిట్ట కాడ రాయి కదుల్తాదని నన్నడిగింటే చెప్పేవాణ్ణి కదా!"